రాళ్లవాన పడ్డ తెల్లారి నారు దగ్గర ఏం చేయాలి

నిన్న సాయంత్రం గాలి దుమారం లేచి, వెనకే రాళ్లవాన పడి, పొద్దున చూసేసరికి మీ గ్రీన్ నెట్ పందిరి ఒక పక్కకు ఒరిగిపోయి, మిరప నారు ట్రేలు బురదలో బోర్లా పడి ఉన్నాయా? అయితే ఈ రోజు ఒక్క మొక్క కూడా పారేయకండి, ఒక్క పైపు కూడా నిలబెట్టకండి. ముందు నారుకు నీడ కట్టండి, పందిరి సంగతి ఆ తర్వాత.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఈ పని రెండుసార్లు తప్పుగా చేశాను. మాది నల్లగొండ పక్కన ఎర్ర చెల్క. ఇంటి వెనక పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పున ఒక చిన్న పందిరి ఉంది: జీఐ పైపులు (జింకు పూత పూసిన ఇనుప పైపులు), పైన ఎండను యాభై శాతం ఆపే గ్రీన్ నెట్, విత్తనాలు మొలకెత్తించే మూల వరకు పాలిథిన్ కవర్. మొదటిసారి అది గాలికి లేచిపోయినప్పుడు నేనూ మా తమ్ముడూ పొద్దంతా పైపులు సరిచేయడంలోనే ఉన్నాం. ట్రేలు ఎత్తి పక్కన పెట్టాం, అంతే. పొద్దున వానకు తడిసి నిటారుగా, పచ్చగా ఉన్న మిరప నారు సాయంత్రానికి ఉడికించిన ఆకుకూరలా వాలిపోయింది. రోహిణి కార్తె ఎండ అది. రాత్రి ఎంత వాన పడ్డా తెల్లారి పదకొండు గంటలకల్లా మళ్లీ ఎండ మండుతుంది, నేల నుంచి ఆవిరి లేస్తుంది, నెట్ కింద నీడకు అలవాటైన లేత నారు ఆ ఎండకు రెండు గంటలు కూడా నిలవదు. ఆ ఏడాది రాళ్లకు పోయిన నారు తక్కువ, ఆ ఒక్క రోజు ఎండకు పోయింది ఎక్కువ. రెండోసారి నీడ కట్టాను గానీ, నారు నీరసంగా ఉందని జాలిపడి నీళ్లు పోశాను, ఎరువు నీళ్లు కూడా పోశాను. నాలుగో రోజుకు కుళ్లు తగిలింది. మూడోసారి మాత్రం సగానికి పైగా నిలబడింది. ఆ మూడోసారి ఎట్లా చేశానో వరసగా చెప్తాను.

రాత్రి మాత్రం బయటికి పోకండి

గాలి తగ్గిందని టార్చిలైటు పట్టుకుని వెంటనే దొడ్లోకి ఉరకడం మనందరికీ అలవాటే. వద్దు. చివరి ఉరుము వినపడ్డాక కనీసం అరగంట ఆగాలి, అదీ అవసరమైతేనే. ఇనుప పైపుల పందిరి, ఖాళీ చెల్క, తడి నేల, ఇవి మూడూ కలిసిన చోట పిడుగు భయం చిన్నది కాదు. కరెంటు తీగ తెగి నెట్ మీదో, కంచె మీదో పడి ఉంటే చీకట్లో కనిపించదు. తీగ తెగిందని అనుమానం ఉంటే దగ్గరికి పోకుండా 1912కి ఫోన్ చేయండి, లైన్‌మన్ వచ్చి సప్లై ఆపేదాకా పందిరి పైపు ముట్టకండి. బోరు మోటారు స్టార్టర్ కూడా అప్పటిదాకా అట్లాగే ఉండనివ్వండి. 2024 మే 26న వచ్చిన గాలివానకు నాగర్‌కర్నూల్ జిల్లాలో కడుతున్న షెడ్డు గోడ కూలి మనుషులు పోయారు. నారు మళ్లీ పోసుకోవచ్చు. సగం కూలిన గోడ పక్కన, ఒరిగిన చెట్టు కింద ఉన్న ట్రేలను తెల్లారేదాకా మర్చిపోండి.

తెల్లారాక కాళ్లకు బూట్లు, చేతిలో ఒక కర్ర. కూలిన నెట్ కిందికి, తడిసిన గోనెసంచుల కిందికి తేళ్లు, పాములు చేరతాయి, కాబట్టి చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించి చూడండి. ఏదీ కదపకముందే ఫోన్‌లో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఇంటి వెనక చిన్న పందిరికి పరిహారం రావడం కష్టమే గానీ, పొలంలో పంట కూడా పోయి ఉంటే మీ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పడానికి అవి పనికొస్తాయి. ముప్పై మూడు శాతం, ఆ పైన నష్టం జరిగితేనే పంట నష్టం లెక్కలోకి తీసుకుంటారు, ఆ లెక్క రాసుకునేటప్పుడు ఫొటో ఉంటే వాదించే పని ఉండదు.

కవర్ మీద నీళ్లు, రాళ్లు నిలిచి కడవలా వేలాడుతుంటే దాని కిందికి దూరకండి. చదరపు మీటరు మీద ఒక్క అంగుళం నీళ్లు నిలిస్తేనే పాతిక కిలోలు. పది అడుగుల చదరం మీద ఆ అంగుళమే రెండు క్వింటాళ్లు దాటుతుంది. కింద నుంచి చీపురుతో పైకి ఎత్తితే ఆ బరువంతా ఒక్కసారి ఒక పక్కకు జారి, ఒరిగిన పైపు మీ మీదే పడుతుంది. బయట నిలబడి, పొడుగాటి కంకబొంగు చివరికి కొడవలి కట్టి, వేలాడే చోటుకి అట్టడుగున ఒక చిన్న గాటు పెట్టండి. నీళ్లు వాటంతట అవే కారిపోతాయి. కవర్‌కు పడ్డ ఆ చిల్లి తర్వాత ఐదు నిమిషాల్లో అతుకుతుంది.

పాత నేత చీర, నాలుగు కర్రలు

ఎండ ముదరకముందే, అంటే ఎనిమిదిన్నర, తొమ్మిది లోపల నీడ సిద్ధం కావాలి. దీనికి చిరిగిన నెట్‌ను కుట్టే పని పెట్టుకోకండి. వేపచెట్టు కిందో, ఇంకెక్కడో వెలుతురుండే నీడ దొరికితే ట్రేలన్నీ అక్కడికి మార్చండి. దొరక్కపోతే నాలుగు కర్రలు పాతి, నడుమెత్తున పాత నూలు చీర కట్టండి. నూలు చీరే ఎందుకంటే దాంట్లోంచి గాలి ఆడుతుంది, వెలుతురు దిగుతుంది. ప్లాస్టిక్ టార్పాలిన్ మాత్రం కప్పొద్దు, వాన మళ్లీ వస్తుందేమోనన్న భయంతో చాలామంది అదే కప్పుతారు. తడి నేల మీద, ఎండలో, టార్పాలిన్ కింద ఒక్క పూటలో నారు ఉడికిపోతుంది. వాన మబ్బు నిజంగా కమ్మితే అప్పుడు కప్పండి, వాన వెలవగానే తీసేయండి.

ట్రేలను నేల మీద పెట్టకండి. రెండు వరసల ఇటుకలు పేర్చి, వాటి మీద కర్రలు పరిచి, ఆ పైన పెట్టండి. వానకు నేల నీళ్లు మింగి ఉంటుంది, ట్రే అడుగున ఉన్న చిల్లులకు బురద అంటుకుంటే లోపలి నీళ్లు దిగవు. ట్రే ఎత్తి అడుగున వేలితో తడమండి, చిల్లులు మూసుకుని ఉంటే పుల్లతో ఒక్కొక్కటి తెరవండి. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది, నేను దీన్నే అన్నింటికంటే ముఖ్యమైన పని అంటాను, ఎందుకంటే వేరు నీళ్లలో ఒక రోజంతా నానితే పైన ఆకు ఎంత పచ్చగా ఉన్నా లోపల దానికి ఊపిరాడదు.

బోర్లా పడ్డ ట్రేల సంగతి. తొంభై ఎనిమిది గుంటల ట్రేలో నెల రోజుల మిరప నారు ఉంటే దాని వేర్లు కోకోపీట్‌ను (కొబ్బరి పొట్టును) గట్టిగా పట్టుకుని ఉంటాయి, కాబట్టి ఊడి కింద పడ్డా ముద్ద ముద్దగానే పడి ఉంటుంది. ఆ ముద్దను కింద నుంచి రెండు వేళ్లతో ఎత్తండి, కాండం పట్టి లాగకండి, మళ్లీ గుంటలో కూర్చోబెట్టి పైన కాస్త తడి కోకోపీట్ అద్దండి. వారం, పది రోజుల నారు అయితే అంత గట్టిగా ఉండదు, వేరు బయటపడి ఉంటుంది. దాన్ని చూసిన వెంటనే తడి గుడ్డ మీదకి చేర్చి, ఆ పూటలోనే నాటాలి, గాలికి ఎండితే ఇక పనికిరాదు. మొత్తం చిందరవందర అయితే ఏది టమాటో, ఏది వంకాయ అని టెన్షన్ పడుతూ కూర్చోకండి. అన్నీ నాటేయండి. మొలకతో వచ్చే రెండు సాదా ఆకుల తర్వాత, రెండో జత నిజం ఆకు వచ్చేసరికి ఏది ఏదో తెలిసిపోతుంది.

ఆకుల మీద ఎర్ర బురద చిట్లి ఉంటే పొద్దున్నే, ఎండ రాకముందే, రోజ్ క్యాన్‌తో (జల్లెడ మూతి ఉన్న నీళ్ల డబ్బాతో) సన్నగా కడగండి. పట్టి ఉంచిన వాన నీళ్లుంటే ఆ నీళ్లతో కడగడం ఇంకా మంచిది, మా దిక్కు బోర్లలో ఉప్పుతనం ఎక్కువ, లేత ఆకు మీద ఆరిపోతే తెల్లటి పొర మిగులుతుంది. అంతే, ఆ రోజుకు ఇంకే నీళ్లూ వద్దు. ట్రేని చేత్తో ఎత్తి చూడండి. బరువుగా ఉంటే నీళ్లుండటమే. తేలికైన రోజే మళ్లీ తడి ఇవ్వాలి, అలవాటు ప్రకారం పొద్దున, సాయంత్రం పోయకూడదు.

ఏది బతుకుతుంది, ఏది బతకదు

మొన్నటిసారి నేను మొదటి రోజే విరిగిన నారు పీకి పారేయబోతుంటే, పక్క బత్తాయి తోట తాత కంచె అవతల నుంచి చూసి, "ఆగు బిడ్డా, తల పోయిందని మొక్క పోయినట్టా? కణుపు చూడు" అన్నాడు. నిజంగా వంగి చూడాల్సింది అక్కడే.

ఒక మిరప మొక్కను తీసుకోండి. కింద మట్టి, దాని మీద సన్నటి కాడ, ఆ కాడ మీద విత్తనంలోంచి మొదట వచ్చిన రెండు సాదా ఆకులు, వాటినే బీజదళాలు అంటారు, ఆ పైన నిజం ఆకులు, చివర చిగురు. రాయి తగిలి చిగురు తెగింది అనుకోండి, లేదా నిజం ఆకులతో సహా సగం కాడ ఊడిపోయింది అనుకోండి, కానీ ఆ రెండు బీజదళాలు ఉన్న కణుపు మిగిలింది. అయితే ఆ మొక్క బతికే అవకాశం బాగానే ఉంది, ఆ కణుపు మూలలో పడుకుని ఉన్న మొగ్గ మేల్కొంటుంది. ఐదారు రోజులకు అక్కడ ఆవగింజంత పచ్చటి చుక్క కనిపిస్తుంది, తర్వాత అదే కొమ్మ అవుతుంది. మామూలు నారు కంటే పది, పదిహేను రోజులు ఆలస్యం, అంతే. ఆ కణుపు కింద విరిగితే మాత్రం ఇక దాని మీద ఆశ పెట్టుకోవద్దు, అక్కడ మొగ్గ లేదు.

కాడ విరగకుండా ఒక పక్కన చెక్కుకుపోయి, నల్లగా కమిలిన మచ్చ ఉంటుంది చూడండి, దాన్ని బొటనవేలి గోటితో మెల్లగా గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఉండనివ్వండి. గోధుమ రంగు తిరిగి మెత్తగా ఉంటే తీసి దూరంగా పెట్టండి, పక్క మొక్కకు కుళ్లు అదే అంటిస్తుంది. కమిలిన మచ్చ కాడ చుట్టూ ఉంగరంలా తిరిగి ఉంటే, ఆకు పచ్చగా ఉన్నా, వారంలో వాలిపోతుంది.

టమాటోకు ఇంకో అదృష్టం ఉంది. దాని కాండం మట్టిలోకి పోతే అక్కడ కొత్త వేర్లు పెడుతుంది. వంగిపోయిన, పొడుగు సాగిన, కాండం మీద దెబ్బ తగిలిన టమాటో మొక్కను, దెబ్బ మానాక కొంచెం లోతుగా, ఏటవాలుగా పండబెట్టి, పైన నాలుగాకులు మాత్రం కనపడేట్టు నాటండి. దెబ్బ ఇంకా పచ్చిగా ఉండగా మట్టిలో పూడ్చకండి, మూడు, నాలుగు రోజులు ఆరనివ్వండి. మిరపను, వంకాయను ఇంత లోతుగా పెట్టొద్దు, అవి టమాటోలా వేరు పెట్టవు.

బంతి తల తెగినందుకు అసలు బాధే వద్దు. బతుకమ్మకు పూలు కావాలని పోసుకున్న బంతి నారును మనమే నాటిన కొన్నాళ్లకు తల తుంచుతాం, కొమ్మలు ఎక్కువ రావాలని. రాళ్లు ఆ పని ముందే చేశాయి. ఉల్లి నారు ఆకులు తెగి గడ్డిలా పడి ఉన్నా పెరిగే చోటు అడుగున, మధ్యలో దాగి ఉంటుంది, కొత్త ఆకు వస్తుంది. బీర, సొర, కాకర, దోస లాంటి తీగ జాతులు విరిగితే వాటి మీద టైం పెట్టకండి. వాటికి వేరు కదిలితే నచ్చదు, వేరే గింజ పెడితే వారంలో మొలుస్తుంది. ఆకుకూరలూ అంతే, మళ్లీ చల్లుకోవడమే.

కాబట్టి మొదటి రోజు పారేయడం వద్దు, గుర్తు పెట్టుకుంటే చాలు. బాగున్నవి ఒక ట్రేలోకి, కణుపు మిగిలి తల పోయినవి ఇంకో ట్రేలోకి, అనుమానం ఉన్నవి దూరంగా ఒక మూలకు. అనుమానం ఉన్నవాటిని బాగున్నవాటి పక్కన పెట్టకపోవడం ముఖ్యం. పదో రోజున అనుమానపు ట్రేలో ఏవి చిగురించాయో చూసి, అప్పుడు మిగతావి పారేయండి.

అసలు ప్రమాదం మూడో రోజు నుంచి

తడి, ఉక్క, దెబ్బలు. నారుకుళ్లుకు ఇంతకంటే ఏం కావాలి? నేల దగ్గర కాడ నీళ్లు పట్టినట్టు మెరుస్తుంది, తర్వాత అక్కడే దారంలా సన్నబడుతుంది, మొక్క పచ్చగా ఉండగానే నడుము విరిగినట్టు పడిపోతుంది. ట్రేలో ఒక మూల మొదలై గుండ్రంగా పాకుతుంది. పిథియం లాంటి, శిలీంద్రాలను పోలిన సూక్ష్మజీవులు దీనికి కారణం, అవి నీళ్లు నిలిచిన మట్టిలో పరుగెత్తుతాయి. అందుకే ఇటుకలు, చిల్లులు, గాలి, నీళ్లు ఆపడం, పైన చెప్పిన పనులన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకునే.

పడిపోయిన మొక్కలను వాటి కోకోపీట్ ముద్దతో సహా తీసి దూరంగా పారేయండి. మిగతావాటికి కాపర్ ఆక్సీ క్లోరైడ్ లీటరు నీళ్లకు 3 గ్రాములు కలిపి, ఆకుల మీద కాకుండా మొదళ్లు తడిచేట్టు పోయండి. వారం తర్వాత అవసరమైతే ఇంకోసారి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, కలిపే డబ్బా, చెంచా వంటింటివి వాడొద్దు, ఆ పక్కనే కోసుకుని తినే తోటకూర, పాలకూర మడి ఉంటే దాని మీద పడనివ్వకండి. మందు వాడటం ఇష్టం లేనివాళ్లు ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంద్రం పొడి వాడతారు, నేనూ వాడతాను, కానీ అది ముందు జాగ్రత్తకు పనికొస్తుంది, కుళ్లు పాకుతున్నప్పుడు ఆపదు. బాగా మాగిన పశువుల ఎరువులో ఆ పొడి కలిపి, తడి చల్లి, గోనె కప్పి వారం నీడలో ఉంచి, మళ్లీ నారు పోసేటప్పుడు కోకోపీట్‌లో కలుపుకోండి. రాగి మందు పోసిన ట్రేలో వెంటనే ఇది వేస్తే రాగి దీన్ని కూడా చంపుతుంది, రెండూ ఒకేసారి వద్దు.

ఎరువు ఎప్పుడు? కొత్త చిగురు కంటికి కనపడ్డాక. అంతకు ముందు దెబ్బతిన్న వేరుకు ఎరువు నీళ్లు పోయడం జ్వరమొచ్చిన మనిషికి బిర్యానీ పెట్టడమే. చిగురు వచ్చాక 19-19-19 అనే నీళ్లలో కరిగే ఎరువు లీటరుకు 3 గ్రాములు, సాయంత్రం పూట, వారానికి ఒకసారి. యూరియా జోలికి పోకండి, నారు పల్చగా సాగిపోయి ఇంకో గాలికి పడుకుంటుంది.

నెట్, కవర్ అతకడం

నారు నీడకు చేరింది కాబట్టి ఇప్పుడు తొందరేం లేదు, రెండు, మూడు రోజులు తీసుకోండి.

గ్రీన్ నెట్ చిరిగితే కుట్టొచ్చు. బస్తాలు కుట్టే దబ్బనం, నైలాన్ దారం చాలు. చిరుగు రెండు అంచులను దగ్గరికి లాగి కుడితే బిగుతుకు పక్కన మళ్లీ చిరుగుతుంది. పాత నెట్ ముక్క ఒకటి చిరుగు కంటే నాలుగు వేళ్లు అన్ని వైపులా ఎక్కువ ఉండేట్టు కత్తిరించి, పైన పరిచి, అంచు చుట్టూ కుట్టండి. చేత్తో గట్టిగా గుంజితే దారాలు పొడిపొడిగా తెగిపోతుంటే ఆ నెట్ ఎండకు చచ్చింది, కుట్టు దండగ, కొత్తది తెచ్చుకోండి. నెట్ మీద నెట్ రెండు పొరలు వేయకండి. గాలి దూరని నెట్ తెరచాప అవుతుంది, పైపులను అదే పెకలిస్తుంది.

పాలిథిన్ కవర్‌కు మామూలు ప్యాకింగ్ టేపు మన ఎండకు వారం ఉండదు. డ్రిప్ సామాన్లు, పాలీహౌస్ సామాన్లు అమ్మే షాపుల్లో యూవీ టేపు అని అడగండి. చిరిగిన చోట రెండు వైపులా తడి, దుమ్ము లేకుండా తుడిచి, పూర్తిగా ఆరాక, లోపల ఒక పట్టీ, బయట ఒక పట్టీ అంటించండి. కొత్త కవర్ కొంటే 200 మైక్రాన్లు, యూవీ స్టెబిలైజ్డ్ అని ఉన్నదే తీసుకోండి, అన్నాలకూ పెళ్లిళ్లకూ పరిచే పలచటి కవర్ ఒక ఎండాకాలం కూడా ఆగదు.

కట్టే పద్ధతి గురించి నా అభిప్రాయం చెప్తాను, చాలామంది దీనికి ఒప్పుకోరు. నెట్‌ను పైపులకు బైండింగ్ వైరుతో బిగించకండి. సుతిలితో కట్టండి, అడుగుకొక ముడి. మరీ పెద్ద గాలి వస్తే ముందు తెగాల్సింది సుతిలి. వైరుతో కడితే నెట్ తెగదు, వదలదు, పైపులను వంచుతుంది. సుతిలి అయితే నెట్ ఒక పక్క ఊడి రెపరెపలాడుతుంది, తెల్లారి మళ్లీ కట్టుకుంటాం. సుతిలి ముడులు ఎండకు పాడవుతాయి కాబట్టి ఏటా ఉగాది దాటగానే అన్నీ మార్చేయాలి, ఆ ఖర్చు ఎంతో కాదు. కవర్‌కు మాత్రం ఈ లెక్క కుదరదు. దాని కిందికి గాలి దూరితే గొడుగులా లేస్తుంది, అందుకని అంచులన్నీ గట్టిగా ఉండాలి: అల్యూమినియం ప్రొఫైల్ అనే గాడి పట్టీలో కవర్ పెట్టి, దాని మీద జిగ్‌జాగ్ స్ప్రింగ్ నొక్కి, నేల దగ్గర అంచును జానెడు లోతు కాలువలో పూడ్చి తొక్కాలి.

పైపులు, గుంజలు

మెల్లగా విల్లులా వంగిన జీఐ పైపును సరిచేసుకోవచ్చు. ఒక చోట నొక్కుకుపోయి ముడత పడిన పైపును సరిచేసినా ఆ ముడత దగ్గర బలం ఉండదు, వచ్చే గాలికి అక్కడే విరుగుతుంది. దాన్ని మార్చండి, లేదా ఆ భాగం మీదికి కొంచెం పెద్ద సైజు పైపు ముక్క తొడిగి రెండు బోల్టులు బిగించండి. వెల్డింగ్ చేయిస్తే ఆ చోట జింకు పూత కాలిపోతుంది, ఆరాక ప్రైమర్, పెయింటు వేయకపోతే రెండు వానాకాలాల్లో తుప్పు తింటుంది.

మా చెల్కలో అసలు లోపం పునాదిది. ఎండాకాలం గడ్డపార దిగనంత గట్టిగా ఉండే నేల, ఒక్క పెద్ద వానకు మెత్తబడి గుంజను వదిలేస్తుంది. గాలి, వాన కలిసి వస్తాయి కాబట్టి గుంజకు పట్టు కావాల్సిన సమయానికే నేల పట్టు పోతుంది. ఒకటిన్నర అడుగు పాతి మట్టి తొక్కితే నిలబడదు. రెండడుగుల గుంత, అడుగున కంకర, సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు పాళ్ల కాంక్రీటు, పైన నీళ్లు నిలవకుండా చిన్న దిమ్మ. వారం రోజులు తడిపాకే నెట్ కట్టాలి, తొందరపడి మర్నాడే కట్టిన పందిరి ఎట్లా ఊగుతుందో నేను చూశాను. మూలల్లో పైపు నుంచి పైపుకు ఏటవాలుగా ఒక అడ్డపైపు వేయండి, చదరంగా ఉన్నది ఒరుగుతుంది, త్రికోణం ఒరగదు. నాలుగు మూలల నుంచి బయటికి ఏటవాలుగా జీఐ తీగ లాగి, గూటాలను పందిరికి ఎదురు దిక్కుకు వంచి రెండడుగుల లోతు కొట్టండి. పిల్లలు తట్టుకుని పడకుండా ఆ తీగలకు రంగు గుడ్డలు కట్టండి.

ఎత్తు ఏడడుగులు దాటనీయకండి. పైకప్పు చదునుగా ఉంటే రాళ్లు అక్కడే నిలిచి సంచిలా దిగుతాయి, మధ్యలో అడుగు ఎత్తు పెంచి రెండు వైపులా వాలు ఇవ్వండి. జూన్ నుంచి మాకు పడమటి గాలి ఎక్కువ, మహబూబ్‌నగర్, నారాయణపేట దిక్కు ఖాళీ చెల్కల్లో అయితే ఇంకా ఎక్కువ. పడమర వైపు రెండు, మూడు వరసలు జొన్నో మక్కజొన్నో వేసుకోండి, శాశ్వతంగా కావాలంటే అవిసె, గిరిపుష్పం పెంచండి. గోడ కట్టడం కంటే చెట్ల వరస మేలు, గోడ మీది నుంచి దూకిన గాలి ఇవతల సుడి తిరుగుతుంది, చెట్లలోంచి వచ్చిన గాలి నెమ్మదిస్తుంది.

మళ్లీ నారు పోయాలా?

మే నెలలో పోయిన నారు గురించి అంత దిగులు అక్కర్లేదు. వానాకాలం మిరపకు నారు జూన్, జూలైలో పోసుకున్నా సమయానికే నాటుకుంటాం, నలభై రోజుల్లో నారు చేతికొస్తుంది. టమాటోకు పాతిక, ముప్పై రోజులు చాలు. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక మళ్లీ పోయండి. ఎప్పుడూ విత్తనాల ప్యాకెట్ మొత్తం ఒకేసారి పోయకండి. సగం పోసి, మిగతా సగం మూత గట్టిగా ఉన్న డబ్బాలో, చల్లటి చోట దాచండి. నేను ఇప్పుడు పది రోజుల తేడాతో రెండు విడతలు పోస్తున్నాను, ఒక విడత దెబ్బతిన్నా రెండోది చిన్నగా, గట్టిగా ఉంటుంది.

వచ్చే గాలికి ముందు ఏం చేయొచ్చంటే, వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం ఇచ్చే హెచ్చరికలు చూడండి, ముఖ్యంగా మూడు గంటల ముందు ఇచ్చేవి, మన పనికి అవే పనికొస్తాయి. పిడుగులకు దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. మధ్యాహ్నం దాకా ఉక్కపోసి, నాలుగింటికి గాలి ఒక్కసారి ఆగిపోయి, పడమటి ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరిగితే ఇక ఫోన్ కూడా చూడొద్దు. మా ఇంట్లో రెండు పొడుగాటి కర్రల మధ్య పలకలు బిగించి పాడెలా కాకుండా పల్లకిలా, రెండు చివర్ల పట్టుకునేట్టు, ఒక మోత చేసి పెట్టుకున్నాం. దాని మీద ఆరు ట్రేలు పడతాయి. ట్రేలు ఎప్పుడూ దాని మీదే ఉంటాయి, పందిరి లోపల ఇటుకల మీద. మబ్బు పట్టగానే ఇద్దరం చెరో చివర పట్టి వసారాలోకి తెచ్చేస్తాం, ఐదు నిమిషాలు పట్టదు. తర్వాత పడమటి పక్క సుతిలి ముడులు నాలుగు కోసేసి, నెట్‌ను తూర్పు పక్కకు చుట్టి కట్టేస్తాం. ఖాళీ పైపుల్లోంచి గాలి పోతుంది.